పొద్దుగూకాక వినబడే పక్షులు

కంకిపాడుకు అడవి లేదు. విజయవాడ నుంచి బందరు రోడ్డున వస్తుంటే ఇరువైపులా మాగాణి, కాలవలు, గట్ల మీద తాడిచెట్లు, ఇళ్ల మధ్య కొబ్బరి, వేప, చింత. కొండా అడవీ చూడాలంటే విజయవాడ దాటి కొండపల్లి వైపు పోవాల్సిందే. అయినా ఈ పక్క పల్లెల్లో పెరిగినవాళ్లలో ఎవరిని కదిలించినా రాత్రి పక్షి గురించి ఒక జ్ఞాపకం బయటపడుతుంది. వేసవిలో డాబా మీద పక్కలు వేసుకుని పడుకున్నప్పుడు, ఊరంతా సద్దుమణిగాక, నెత్తి మీదుగా పాత గుడ్డ చింపినట్టు ఒక అరుపు. తలెత్తి చూస్తే తెల్లటి పొట్ట ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. రెక్కల చప్పుడు ఉండదు. పక్కనున్న నాయనమ్మ "చావుపిట్ట, చూడకు" అని దుప్పటి మొహం మీదికి లాగుతుంది.

చాలామందికి రాత్రి పక్షులతో పరిచయం అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆగకుండా ఆ అరుపు వెంట పోయినవాళ్లు ఏం కనుక్కున్నారన్నది ఈ అధ్యాయం.

డెల్టాలో రాత్రి ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. పొద్దుగూకీ గూకకముందే పాత చింతచెట్టు తొర్రలోంచి పైడికంటి జంట తల బయటపెట్టి కీచులాట మొదలెడుతుంది. అది అరచేతికి కాస్త పెద్దదైన గుడ్లగూబ, ఒంటి నిండా తెల్లచుక్కలు. మసక చీకటి పడుతుండగా రాత్రి కొంగలు చెట్ల మీద నుంచి లేచి, ఒక్కొక్కటే "క్వాక్" అంటూ చెరువుల వైపు సాగిపోతాయి. వానాకాలంలో కాలవ గట్టున తూటికాడల్లోంచి నీటికోడి తెల్లవార్లూ కూస్తుంది. పొలంలో ఎవరైనా టార్చిలైటు వేసుకుని నీళ్లు కట్టడానికి పోతే చాలు, తీతువు పిట్ట లేచి ఊరంతా వినబడేలా గోల చేస్తుంది. తీతువు అరిస్తే కీడని పెద్దవాళ్లు అంటారు. అది గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల దగ్గరికి మనిషో కుక్కో వస్తే అరవడం తప్ప దానికి వేరే రక్షణ లేదు. పైరు మధ్య ఆ గోల విన్న రైతు తనకేదో జరగబోతుందని భయపడతాడు. నిజానికి భయపడుతున్నది పిట్ట.

చావుపిట్ట అని పేరుపడ్డ తెల్ల గుడ్లగూబ సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి. పాత రైసుమిల్లు కప్పు కింద, పాడుబడ్డ పెంకుటింట్లో, గుడి గోపురం సందుల్లో కాపురం ఉంటుంది. మనుషులకు దగ్గరగా బతకడానికి కారణం ఒక్కటే. మనుషులున్నచోట గింజ ఉంటుంది, గింజ ఉన్నచోట ఎలుక ఉంటుంది.

ఈ పక్షి చీకట్లో ఎలుకను ఎలా పట్టుకుంటుందన్నది చాలాకాలం ఎవరికీ తేలలేదు. చూపుతోనా, వాసనతోనా, ఎలుక ఒంటి వేడిని పసిగట్టా? రోజర్ పేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. తర్వాత తిమింగలాల పాటలతో ప్రపంచమంతా ఎరిగిన పేన్ ఇతనే. వెలుతురు చుక్క కూడా చొరని గదిలో నేలంతా ఎండుటాకులు పరిచి, గుడ్లగూబను ఉంచి, ఒక ఎలుకను వదిలాడు. ఆకుల గలగల వినబడగానే గుడ్లగూబ సూటిగా దాని మీద దూకింది. తర్వాత ఎలుక బదులు కాగితపు ఉండకు దారం కట్టి ఆకుల మీద లాగాడు. కాగితానికి ఒంటి వేడీ లేదు, ఎలుక వాసనా లేదు. గుడ్లగూబ దాన్నీ పట్టుకుంది. ఒక చెవి మూసేస్తే మాత్రం గురి తప్పింది. అంటే వేటంతా చెవులతోనే.

ఆ చెవుల్లో ఒక విశేషం ఉంది. మన చెవుల్లా అవి సమానమైన ఎత్తులో ఉండవు. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటాయి. ఈకల మాటున ఉండటంతో బయటికి కనబడవు. కుడి పక్క చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి రవ్వంత ఆలస్యంగా. సెకనులో లక్షో వంతు తేడాను కూడా ఈ పక్షి పసిగడుతుంది. కుడి ఎడమలు దానికి అలా తెలుస్తాయి. చెవులు ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల పైనుంచి వచ్చే చప్పుడు ఒక చెవిలో, కిందినుంచి వచ్చేది ఇంకో చెవిలో గట్టిగా వినబడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మసకాజు కొనిషి, ఎరిక్ నడ్సెన్ అనే శాస్త్రవేత్తలు 1978లో ఇంకో మెట్టు ఎక్కారు. గుడ్లగూబ మెదడులో ఒకచోట నరాల కణాలు ఒక పటంలా అమరి ఉన్నాయని, ఏ దిక్కు చప్పుడుకు ఆ దిక్కు కణం స్పందిస్తుందని చూపించారు. అప్పటికి మరే జంతువులోనూ వినికిడికి ఇంత స్పష్టమైన పటం దొరకలేదు. మెదడు శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో తెల్ల గుడ్లగూబకు ఇవాళ ఒక సొంత పుట ఉంది.

ఇంత సున్నితమైన చెవులున్న పక్షికి సొంత రెక్కల చప్పుడే అడ్డం. అందుకే దాని ఈకలు వేరుగా ఉంటాయి. రెక్క ముందు అంచున సన్నని పళ్ల వరస, పైన మఖమల్ లాంటి నూగు, వెనక అంచున కుచ్చులు. గాలి వీటి మధ్య చీలిపోయి సద్దు లేకుండా జారిపోతుంది. డాబా మీద పిల్లవాడికి రెక్కల చప్పుడు వినబడకపోవడానికి కారణం ఇదే. అతనికే కాదు, కింద ఎలుకకూ వినబడదు.

గుడ్లగూబ ఏం తింటుందో తెలుసుకోవడానికి రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. పగలు పాత మిల్లు కప్పు కింద వెతికితే బొటనవేలంత ముద్దలు రాలి ఉంటాయి. బూడిదరంగు, ఆరిపోతే తేలిక, తాజావి నల్లగా మెరుస్తాయి. ఎలుకను గుడ్లగూబ గుటుక్కున మింగి, అరగని వెంట్రుకలూ ఎముకలూ ఇలా ముద్ద చేసి కక్కేస్తుంది. ఒక ముద్దను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పితే లోపల చిన్న పుర్రె చెక్కుచెదరకుండా ఉంటుంది. నారింజరంగు ముందుపళ్లు కనబడితే అది ఎలుక జాతిది. సన్నని పొడుగు మూతి, తెల్లని సూదిపళ్లు ఉంటే చుంచు. పక్కటెముకలు దారపు ముక్కలంత సన్నం. హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు. కానీ మన బడుల్లో ఈ పాఠం చెప్పడం అరుదు.

ఎలుకల సంగతి కృష్ణా డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. వరి పొట్ట దశలో ఉండగా కాండం కొరికేస్తాయి. మాసూళ్ల రోజుల్లో కంకులు కత్తిరించి కలుగుల్లోకి లాక్కుపోతాయి. యానాదులు గట్ల వెంట తిరిగి ఏ కలుగు బతికి ఉందో ఏది ఖాళీయో మట్టి చూసే చెబుతారు. కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదుతారు. ఎలుకలను పడతారు, కలుగు తవ్వి అది దాచుకున్న ధాన్యం తీస్తారు. రైతుకూ వాళ్లకూ మధ్య తరాల నుంచి నడుస్తున్న ఒప్పందమిది. తెల్ల గుడ్లగూబ అదే పని రాత్రుళ్లు కూలి లేకుండా చేస్తుంది. ఇజ్రాయెల్‌లో స్దే ఎలియాహు అనే ఊరి రైతులు 1983 నుంచి పొలాల్లో చెక్కపెట్టెలు పెట్టి వీటిని పిలిచి మరీ పెంచుకుంటున్నారు. మలేసియా పామాయిల్ తోటల్లోనూ అంతే. మన దగ్గర పాత పెంకుటిళ్లు కూలి డాబాలు లేచాయి, పక్షికి చోటు తగ్గింది. పైగా బ్రోమాడయలోన్ వంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకనే గుడ్లగూబ తేలిగ్గా పట్టుకుంటుంది, ఆ విషం దాని ఒంట్లోకీ చేరుతుంది. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్లు వేరే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇది నేరం. రైతుకు ఇంత మేలు చేసే పక్షిని అశుభమని తరిమే ఆచారం ఎంత త్వరగా పోతే అంత మంచిది.

యానాదుల మాట వచ్చింది కాబట్టి కథ ఇక నెల్లూరుకు, అక్కడినుంచి కడపకు పోవాలి.

1830ల్లో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేరిన థామస్ కేవర్‌హిల్ జెర్డన్ తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. మందులిచ్చాక మిగిలిన పొద్దంతా పక్షులు, పాములు, చీమల వెంట తిరగడం అతని అలవాటు. చుట్టుపక్కల యానాదులను కూర్చోబెట్టుకుని ఏ పక్షి ఎక్కడ తిరుగుతుందో, దాన్ని ఏమంటారో అడిగి రాసుకునేవాడు. అతని పక్షి పుస్తకాల్లో తెలుగు పేర్లు అన్ని కనబడటానికి కారణం వాళ్లే. తూర్పు కనుమల పొదల అడవుల్లో అతనికి దొరికిన ఒక పక్షిని ఎడ్వర్డ్ బ్లైత్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. జానెడుకు కాస్త పెద్దదైన గోధుమరంగు పక్షి. పొడుగు కాళ్లు, కంటి పైన వెడల్పాటి తెల్ల చార, గొంతు మీద నారింజ మచ్చ, రొమ్ము మీద రెండు పట్టీలు. ఇంగ్లీషువాళ్లు దాన్ని జెర్డన్స్ కోర్సర్ అన్నారు. కడప జిల్లావాళ్లకు అది కలివికోడి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి.

1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూసిందే ఆఖరు. ఆపైన ఎవరికీ కనబడలేదు. 1930ల తొలినాళ్లలో వెతికారు, 1970ల్లో మళ్లీ వెతికారు. పేరుమోసిన పక్షిశాస్త్రజ్ఞులు పెన్నా పరీవాహకమంతా గాలించి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. పక్షి అంతరించిపోయిందనే చాలామంది రాసేశారు.

వాళ్లంతా పగలు వెతికారు.

అలా వెతకడానికి కారణం ఉంది. మన మెట్ట పొలాల్లో కనబడే మామూలు కోర్సర్ పగటి పక్షి. ఎండలో పరుగులు పెడుతూ పురుగులు ఏరుకుంటుంది. దాని చుట్టమూ అంతేనని అనుకున్నారు. 1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప వచ్చి, పక్షి బొమ్మలు చేతబట్టుకుని ఊళ్ల వెంట వేటగాళ్లను, పిట్టలు పట్టేవాళ్లను అడగడం మొదలుపెట్టాడు. ఆ పిట్ట తెలుసుననీ, అది రాత్రిపూటే తిరుగుతుందనీ వాళ్లలో కొందరు చెప్పారు. 1986 జనవరిలో ఒక రాత్రి సిద్ధవటం పక్క రెడ్డిపల్లి దగ్గర లంకమల కొండల కింద ఐతన్న అనే వేటగాడి టార్చి వెలుగులో ఆ పక్షి పడింది. ఐతన్న దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత కలివికోడి ఉందని రుజువైంది.

పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. దాని చర్మం బొంబాయి సొసైటీ దగ్గర భద్రంగా ఉంది. దీన్ని వెతికించాలని పట్టుబట్టిన పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్లు. 1987 జూన్‌లో ఆయన కన్నుమూసే ముందు ఈ శుభవార్త విన్నాడు.

ఐతన్న చేసింది అదృష్టం అనుకోవడం అన్యాయం. చీకటి అడవిలో టార్చి ఎలా పట్టాలో, ఎటు చూడాలో తెలియాలి. లైటును నడుము దగ్గర పెట్టి తిప్పితే ఏమీ కనబడదు. కళ్ల ఎత్తున, చెంప పక్కన పట్టుకుంటే పక్షి కంటి లోపలికి పోయిన వెలుగు అదే దారిన వెనక్కి తిరిగొచ్చి చూసేవాడి కంటికే తగులుతుంది. డెల్టా రోడ్ల మీద రాత్రి బండి లైట్లలో ఎర్రగా మెరిసే నైట్‌జార్ అనే రాత్రి పక్షి కళ్ల వెనక ఇలా వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. గొడ్డు కన్ను ఎంత ఎత్తున మెరుస్తుంది, కుందేలు కన్ను ఎలా కదులుతుంది, నేలబారున కదలని కన్ను ఎవరిది అన్నది వేటగాడు చిన్నతనంలోనే, తండ్రి వెనక నడుస్తూ నేర్చుకుంటాడు. వెలుగు మీద పడగానే కొన్ని పక్షులు ఎగిరిపోతాయి, కొన్ని కళ్లు చెదిరి అక్కడే నిలబడిపోతాయి. ఏది ఏ రకమో కూడా వాళ్లకు తెలుసు. పేరుమోసిన సర్వేలకు దొరకనిది ఈ చదువుకు దొరికింది.

దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. అక్కడి అడవి పైడికంటి 1884 తర్వాత నూటపదమూడేళ్లు కనబడలేదు. మధ్యలో 1914లో తాను పట్టానని రిచర్డ్ మైనర్జాగన్ అనే సైనికాధికారి ఇచ్చిన నమూనా, మ్యూజియంలో దొంగిలించిన పాత చర్మానికి కొత్త చీటీ తగిలించినదని తేలింది. ఆ తప్పుడు చీటీ నమ్మినన్నాళ్లూ జనం తప్పుడు చోట వెతికారు. 1997 నవంబరులో పక్షిశాస్త్రజ్ఞులు పమేలా రాస్ముసెన్, బెన్ కింగ్ షహాదా దగ్గర దాన్ని చూశారు. పట్టపగలు, ఆకులు రాల్చిన చెట్టు కొమ్మ మీద. గుడ్లగూబే అయినా అది ఎక్కువగా పగలే తిరుగుతుంది. ఏ పక్షి ఏ వేళ తిరుగుతుందో దాని కులగోత్రాలు చూసి చెప్పలేం.

కలివికోడి దొరికాక అసలు పని మొదలైంది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కానీ రాత్రిపూట, ముళ్లపొదల మధ్య, మనిషి అలికిడికే దాక్కునే పక్షిని లెక్కపెట్టేదెలా? పంచాపకేశన్ జగన్నాథన్, ఆయన సహచరులు 2000 తర్వాత మళ్లీ వేటగాళ్ల పద్ధతికే వచ్చారు. అడుగుజాడ చూడటం. పొదల మధ్య దారుల్లో మెత్తని మట్టి పరిచి, చదును చేసి, మర్నాడు పొద్దున వంగి చూసేవాళ్లు. కలివికోడికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. కౌజుకో అడవికోడికో ఉంటుంది. ఎర్ర తీతువుకు చిన్నదొకటి ఉంటుంది, మట్టి మెత్తగా ఉంటే దాని గుర్తు పడుతుంది. మూడు వేళ్ల పక్షులు ఇంకా ఉన్నాయి కాబట్టి వేళ్ల వెడల్పు, వాటి మధ్య కోణం స్కేలు పెట్టి కొలవాలి. ఆ మట్టి పక్కన కెమెరా అమర్చి, జాడా బొమ్మా రెండూ సరిపోయాయని తేల్చుకున్నారు.

ఆ జాడల వల్ల తెలిసిన సంగతి ఆలోచించదగ్గది. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోసి నేలా పనికిరాదు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా పెద్ద పొదలుండి, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటే ఎక్కువగా తిరుగుతుంది. మేకలు మేయడం, కట్టెలు కొట్టడం మితంగా ఉంటే ఆ ఖాళీలు నిలుస్తాయి. శ్రుతి మించితే పొదలే పోతాయి. పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని ఖాళీలు పోతాయి. కంచె వేసి తాళం పెట్టడమే రక్షణ అనుకునేవాళ్లకు ఈ పక్షి ఒక చిక్కు ప్రశ్న. దాని బతుకు మేకల కాపరుల బతుకుతో ముడిపడి ఉంది.

2001లో మొదటిసారి దాని కూతను రికార్డు చేశారు. పొద్దుగూకిన ముప్పావుగంటకు అటూ ఇటూగా రెండక్షరాల కూత మొదలవుతుంది. ఒక పక్షి అంటే ఇంకోటి బదులిస్తుంది. కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ కాస్త సమయంలో చెవి అక్కడ ఉంటే పక్షి ఉన్నట్టు తెలుస్తుంది, లేకపోతే ఆ రాత్రికి లేనట్టే. అందుకే ఆ రికార్డును సరైన వేళ వినిపించి, బదులు వస్తుందేమో చూడటం దీన్ని వెతికే ముఖ్య పద్ధతుల్లో ఒకటైంది.

2005లో ఈ పొదల మీదికి తవ్వకం యంత్రాలు వచ్చాయి. తెలుగుగంగ కాలవ పని. శ్రీశైలం నుంచి కడప, నెల్లూరు మీదుగా మద్రాసు దాకా కృష్ణా నీళ్లు తీసుకుపోయే పథకమిది. కంకిపాడు చేలను తడిపేదీ ఆ కృష్ణమ్మే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలవలతోనే డెల్టా అన్నపూర్ణ అయింది, కాలవ విలువ తెలియని మనిషి ఇక్కడ ఉండడు. కడప రైతుకూ ఆ నీళ్ల మీద అంతే హక్కుంది. కానీ ప్రపంచంలో ఇంకెక్కడా ఉన్నట్టు రుజువు లేని పక్షి తిరిగే పొదల మీదుగానే అది పోనక్కర్లేదు. పరిశోధకులు గొంతెత్తారు, విషయం పై దాకా వెళ్లింది, చివరికి కాలవ దారి మార్చారు. నీళ్లూ ఆగలేదు. అయినా 2009 తర్వాత కలివికోడి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు.

దాని గుడ్డు మాత్రం అనుకోని చోట దొరికింది. స్కాట్లాండ్‌లో అబెర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలోని పాత గుడ్ల సేకరణలో ఒకదాని మీద ఈ పక్షి పేరు ఉండటం గమనించారు. కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించిన గుడ్డది. పెంకు లోపలి పొర నుంచి తీసిన డీఎన్ఏను మ్యూజియంలోని కలివికోడి చర్మం డీఎన్ఏతో పోల్చి, రెండూ ఒకటేనని 2013లో ప్రకటించారు. ప్రపంచంలో గుర్తించిన కలివికోడి గుడ్డు అదొక్కటే. ఏ నెలలో పెడుతుంది, ఒకటి పెడుతుందా రెండా, తీతువులా ఉత్త నేల మీదేనా, పిల్లలు ఎన్నాళ్లకు పరుగెత్తుతాయి? ఏ శాస్త్ర పత్రికలోనూ వీటికి జవాబు లేదు. సిద్ధవటం, బద్వేలు పక్క పొదల్లో మేకలు కాసే ఇళ్లలో మాత్రం ఎవరో ఒకరు ఆ గుడ్ల పక్కనుంచి నడిచిపోయే ఉంటారు. తర్వాత వెళ్లే పరిశోధకుడు ముందు వాళ్ల గడపలోనే కూర్చుని, వాళ్లు చిన్నప్పుడు రాత్రుళ్లు ఏం విన్నారో, ఏం చూశారో అడగాలి.